శుక్రవారం ఆముదం

నలుగురిలో నోరు విప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఒదిగి కూచుని పుస్తకం చదువుకునేదాన్ని. "దీని గొంతు విని వారమైతుంది, పిల్లి నయం, మ్యావన్న అంటది" అని మా అమ్మ పక్కింటివాళ్లతో నవ్వేది. చెప్పాలనుకున్నవి సాయంత్రం డైరీలో రాసుకుంటే నాకు చాలు. అలాంటి నన్ను మా బాపు ఏరి కోరి మాట్లాడే పనికే తీసుకుపోయేవాడు.

బాపు మోటారు మిస్త్రీ. ఇల్లు ఉప్పుగూడలో, కార్ఖానా పత్తర్‌గట్టి వెనక సందులో. నడిచే మోటార్లు ఆయన దగ్గరికి వచ్చేవి. నడవలేని వాటి దగ్గరికి ఆయనే పోవాలి. కొన్ని దేవిడీల్లో, అంటే నవాబుల పెద్ద ఇళ్లలో, మోటారు జనానా వైపు వాకిట్లో ఉండేది. ఇంటి ఆడవాళ్లు వెదురు పుల్లల తెర వెనక కూచునేవారు, బయటి మగవాడితో నేరుగా మాట్లాడేవారు కారు. అందుకని మధ్యలో ఒక ఆడమనిషి నిలబడి తెర వెనక మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేయాలి. ఆ తెర ఎంత పలచనంటే, అటు గాజులు కదిలినా ఇటు వినపడుతుంది. పైగా బాపుకు దక్కనీ ఉర్దూ కూడా తెలుగంత బాగా వచ్చు. అయినా నేను చెప్పేదాకా ఆయన ఏమీ విననట్టు చేతిలో పానా చూసుకుంటూ నిలబడేవాడు. అటువైపు బేగం కూడా అంతే.

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజుల్లో, చలికాలంలో, ఒక బుధవారం పొద్దున అలాంటి దేవిడీకే పోయాం. వాకిట్లో ఒక మూల పాత బగ్గీఖానా. గుర్రాలూ లేవు, బగ్గీలూ లేవు. ఆ చీకట్లో ఆకుపచ్చ రంగు పందెపు మోటారు ఒకటి, రెండే సీట్లది, నేలకు ఆనుకుని పడుకున్నట్టు ఉంది. ముందు ఇత్తడి దీపాలు, ఇంజను మూత మీదుగా నడుము పట్టీలా తోలు పట్టీ. చక్రాల్లో గాలి లేదు. పైన కప్పే టప్పు గుడ్డను ఎలుకలు కొట్టేశాయి. కానీ ఇత్తడి మాత్రం తళతళలాడుతోంది, తోలు పట్టీ కొత్త చెప్పులా నిగనిగలాడుతోంది.

ఆ మెరుపుకు కారణం మోటారు పక్కనే మంచం వేసుకుని ఉన్నాడు. బార్కస్ నుంచి వచ్చిన ముసలాయన, నడుముకు వంకర బాకు, మోకాళ్లకు గుడ్డలు. ఆయన తాతలెప్పుడో అరబ్బుదేశం నుంచి వచ్చినవాళ్లు. మా ఊళ్లో వాళ్లను చావూషులంటారు. కుర్రతనంలో ఈ దేవిడీ గేటు దగ్గర కావలికి నిలబడ్డాడట. ఇంటి సాహెబ్ ఈ మోటారు విలాయతు నుంచి తెప్పించినప్పుడు దీని కావలికి మార్చాడట. సాహెబ్ పోయి ఏళ్లయింది. చావూష్ మంచం మాత్రం అక్కడే ఉంది.

"రా మిస్త్రీ. ఏం ఫికర్ లేదు," అన్నాడు మంచం మీంచి లేవకుండానే. "గాడీ మస్తు తందురుస్తుగ ఉన్నది. జర నడవనంటున్నది, గంతే."

"నడవకుంటే ఇంక తందురుస్తు ఏంది చాచా?" అన్నాడు బాపు.

"నేను నడుస్తున్ననా? నాకేం రోగం?"

బాపు నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. బాపు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి గొంతు తగ్గించాడు. ఇంటి వ్యవహారాలన్నీ ఇప్పుడు సాహెబ్ తమ్ముడి చేతిలో, అంటే బేగం మరిది చేతిలో ఉన్నాయి. ఆయనకు బగ్గీఖానా ఖాళీ కావాలి, ధాన్యం బస్తాలు వేసుకోవడానికి. కొన్ని నెలల కింద ఆయన డ్రైవరు వచ్చి ఈ మోటారు నడిపి చూశాడు. ఇంజను అరిచిందే గాని బండి వాకిలి దాటలేదు. 'గేర్ల పళ్లు అరిగిపోయినయి, విలాయతు నుంచి సామాను వచ్చేది లేదు' అని తేల్చేశాడు. శనివారం మధ్యాహ్నం పాత ఇనుము కొనేవాడు ఎద్దుబండి తోలుకొస్తాడు. ఆలోగా మోటారు తన కాళ్ల మీద గేటు దాటితే సరే, ఉండనిస్తానని మరిది వదినెకు మాట ఇచ్చాడు.

"గాడీ పోతే నన్ను గూడ బార్కస్‌కు పొమ్మంటరు మిస్త్రీ. ఆడ నా తమ్ముని కొడుకులున్నరు. వాళ్ల పిల్లలకు నేనెవరో గూడ ఎరుకలేదు. పోయి ఏం జెయ్యాలె? గోడకు కూసొని ఈగలు తోలాల్నా?"

గేటు నేను అప్పుడే చూశాను. వీధి ఎత్తుగా ఉంది, వాకిలి పల్లంలో ఉంది. మధ్యలో రాళ్లు పరిచిన ఏటవాలు. అది ఎక్కితేనే గేటు.

ఆ రోజంతా ఇంజనుతోనే సరిపోయింది. చక్రాల్లో గాలి కొట్టి, పెట్రోలు పోయే గొట్టాలు ఊది, ప్లగ్గులు గీకి, కూపన్ల మీద దాచుకున్న కాస్త పెట్రోలు పోసి, బాపు ముందు నుంచి హాండిలు తిప్పాడు. చాలాసేపు దగ్గి చివరికి అందుకుంది. బగ్గీఖానా పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. తెర వెనక నుంచి "సుభానల్లా" అని వినిపించింది. అది బాపుకు చెప్పాలో వద్దో తెలియక నేను నోరు తెరిచి మూసుకున్నాను.

గురువారం గేర్ల సంగతి చూశాడు. వెనక చక్రాలు రెండూ నేలకు తగలకుండా బండిని కట్టెదిమ్మల మీదకు ఎత్తి, ఒక్కొక్క గేరే వేశాడు. అన్ని గేర్లలోనూ చక్రాలు గాల్లో బుద్ధిగా తిరిగాయి. నమ్మకం కలగక గేర్ల పెట్టె మూత కూడా విప్పి, వేలు పెట్టి పళ్లు తడిమాడు. తర్వాత నన్ను పిలిచి చూపించాడు. నూనెలో మునిగిన ఆ పళ్లు వేటికవి నిండుగా, కొనలు వాడిగా ఉన్నాయి.

"పాషాతో చెప్పు. గేర్లకు ఏం కాలే."

పెద్దింటి ఆడవాళ్లను మా వైపు పాషా అనే పిలుస్తారు. నేను తెర దగ్గరికి పోయి చెప్పాను.

"మరి ఎందుకు నడవదు?" బేగం దక్కనీలో అడిగేది, నేను ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. "గట్టిగా మాట్లాడు పిల్లా. మీ నాన్న మోటారు కంటే నీ గొంతే ముందు బాగుచేయాలి."

బాపు దీనికి మాత్రం విననట్టు ఉండలేకపోయాడు. మోటారు కింద దూరి నవ్వుకున్నాడు.

శుక్రవారం పొద్దున చక్రాలు కిందికి దించాడు. నాలుగింటికీ రాళ్లు అడ్డం పెట్టి, బ్రేకు లాగి, పెద్ద గేరు వేసి, క్లచ్చి మీద నుంచి నెమ్మదిగా కాలు తీశాడు. బండి కదలడానికి లేదు కాబట్టి ఇంజను గింజుకుని ఆగిపోవాలి. ఆగలేదు. హాయిగా పాడుకుంటూ తిరుగుతూనే ఉంది.

"దొరికింది," అన్నాడు బాపు. కానీ మొహంలో సంతోషం లేదు.

అదేమిటో నాకు విడమరిచి చెప్పాడు, నేను మళ్లీ పాషాకు చెప్పాలి కదా. ఇంజను వెనక ఒక బరువైన ఇనప చక్రం తిరుగుతుంది. దాని మధ్య గిన్నెలా లోతుంటుంది. ఆ గిన్నెలో ఇంకో చిన్న గిన్నె వచ్చి కూచుంటుంది. చిన్నదాని చుట్టూ తోలు తొడుగు. ఆ తోలు ఇనుమును గట్టిగా పట్టుకుంటేనే ఇంజను బలం గేర్లకు చేరుతుంది, అక్కడి నుంచి చక్రాలకు పోతుంది. కాలితో తొక్కితే గిన్నెలు విడిపోతాయి. అదే క్లచ్చి. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బరువు లేదు, తోలు పట్టు ఎంత వదులైనా తిరిగాయి. నేల మీద బండి బరువు పడేసరికి తోలు జారిపోతోంది.

"తోలు ఎండి అట్టగట్టిందో ఏమో. అట్లయితే కొత్త తోలు గుట్టాలె, మొత్తం విప్పాలె. రేపటికి అయ్యే పనిగాదు."

ఈ మాట అటు చేరవేశాను. బేగం నన్ను లోపలికి రమ్మంది. ఆడపిల్లను కాబట్టి నాకు అడ్డు లేదు. తెల్లచీర, తెల్లజుట్టు, ముక్కు మీద జారిన కళ్లద్దాలు. ఒళ్లో పుస్తకం బోర్లించి ఉంది. ఆ పుస్తకం చూడగానే నాకు ఆమె మీద భయం సగం పోయింది.

"ఇది మీ నాన్నకు చెప్తావో లేదో నీ ఇష్టం," అంది. "సాహెబ్‌తో గండిపేట చెరువు దాకా పోయేదాన్ని, బుర్ఖా మీద దుప్పటి కూడా కప్పుకుని. ఆయన అలా కాలు తీసేసరికి ఈ బండి పొగరు గుర్రంలా దూకేది. నా పళ్లు టకటకా కొట్టుకునేవి. ప్రతిసారీ తిట్టేదాన్ని. పొద్దుటి నుంచీ ఈ తెరలోంచి చూస్తున్నాను. మీ నాన్న కాలు తీస్తే వెన్నలాగా ఊరుకుంటోంది. ఇంత మర్యాద దీనికి ఎక్కడి నుంచి వచ్చింది?"

బయటికి వచ్చి బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను, దుప్పటి సంగతి తప్ప. ఆయన పానా కింద పెట్టేశాడు.

"ఎండిన తోలైతే ఇంకా దూకుతది, గుంజుతది. గిట్ల మెత్తగ జారదు. జారుతుందంటే లోపల నూనె ఉన్నది." ఆయన మొహం ఇంకా వాడింది. "ఇంజను నూనె కారుతుందేమో. అట్లయితే ఇంజనే దించాలె."

మళ్లీ ఒకసారి పరీక్ష చేశాడు. ఇంజను పాడుతుండగా కింద నుంచి సన్నగా పొగ లేచింది. ఆ వాసన నా ముక్కుకు తగిలింది. బాపుకు తగల్లేదు, నశ్యం పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో చచ్చింది. అది మాడిన ఇంజను నూనె వాసన కాదు. మా నానమ్మ గూట్లో పెట్టే దీపం వాసన, వారానికోసారి మా అమ్మ నా మాడు మీద పెట్టే వాసన.

ఎవరూ అడగకుండా నేను మాట్లాడడం ఆ మూడు రోజుల్లో అదే మొదలు. "బాపూ, ఆముదం."

"ఏంది?"

"ఆముదం వాసన వస్తుంది."

"ఇంజన్ల ఆముదం నేను పొయ్యలే గదా," అని ఆయన ఇంకా అంటూనే ఉన్నాడు, శుక్రవారపు జుమ్మా నమాజు ముగించుకుని చావూష్ చాచా గేట్లోంచి కుంటుకుంటూ వచ్చాడు. నేరుగా బగ్గీఖానా గూటి దగ్గరికి పోయి ఒక రాగి గిన్నె, కోడి ఈక తీశాడు. మోటారులోకి వంగి, కాళ్లు పెట్టుకునే చోట చెక్క పలక అలవాటుగా లేపాడు. క్లచ్చి తొక్కుడు కర్రకు ఇటుక అడ్డం పెట్టాడు. గిన్నెలు విడిపోయి మధ్యలో సందు తెరుచుకుంది. ఈకను రాగిగిన్నెలో ముంచాడు.

"చాచా," అన్నాడు బాపు. "ఏం జేస్తున్నవ్?"

"జుమ్మా గదా. తినిపిస్తున్న." ముసలాయన మొహం వెలిగిపోయింది. "సాహెబ్ నాకు అప్పజెప్పిన పని ఇది. 'చావూష్, ఈ తోలు ఎండొద్దు, ఎండితే గాడీ సచ్చిపోతది' అన్నడు. తన చేత్తోని నాకు చూపెట్టిండు. ఒక్క జుమ్మా తప్పలే మిస్త్రీ. జరమొచ్చిన నాడు గూడ పాక్కుంట వచ్చి పెట్టిన."

బాపు మోకాళ్ల మీద కూచుని సందులోకి చూశాడు. లోపల తోలు తేనెలో ముంచినట్టు మెరుస్తోంది. వేలితో తాకాడు. వేలు తీస్తే నూనె తీగ సాగింది. ఆ వేలినే చూస్తూ మోకాళ్ల మీదే ఉండిపోయాడు.

 ఇది మరిది చెవిన పడితే ఏమవుతుందో నాకు తెలుస్తూనే ఉంది. మోటారును పాడు చేసింది కావలివాడేనంటారు. శనివారం దాకా కూడా ఉంచరు.

తెర వెనక నుంచి ప్రశ్న వచ్చింది. "మీ నాన్న ఎందుకు ఊరకున్నాడు? ఏం కనిపించింది?"

నేను బాపు వైపు చూశాను. "ఉన్నదే చెప్పు," అన్నాడు మెల్లగా.

తెర దాకా నడిచేలోపల ఉన్నదాంట్లో ముందు ఏది చెప్పాలా అని వెతుక్కున్నాను. "తోలు బతికే ఉంది పాషా," అన్నాను. "ఇన్నేళ్లకు పగిలిపోవాల్సిందట. రేపటిలోగా కొత్తది కుట్టడం కూడా కాదట. చాచా నూనె పెట్టబట్టి బతికింది."

"మరి జారుతుందెందుకు?"

"కొంచెం... ఎక్కువైంది."

ఆ 'ఎక్కువైంది' నేను ఎంత మెల్లగా అన్నా చావూష్ విన్నాడు. ఆయన చేతిలో ఈక కిందికి వాలింది. ఒక చుక్క ఆముదం ఆయన పాదం మీద పడింది.

"నేనే సంపిన్నా మిస్త్రీ?"

"సంపలే చాచా," అన్నాడు బాపు. "ముద్దుజేసి ఎక్కువ తినిపించినవ్. నూనె చేత్తోని సీసా మూత తిప్పితే వస్తదా? గట్లనే ఇది."

ముసలాయన ఇటుక తీసేసి, గిన్నె పట్టుకుని మంచం మీద కూచున్నాడు. దాని కేసి చూడడం తప్ప ఏమీ చేయలేదు. మోటారు వైపు తల తిప్పనే లేదు.

అప్పుడు తెర కింది నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, ఒకే ఒక్క ఉంగరం. బాపు వెంటనే గోడ వైపు తిరిగాడు. ఆ చెయ్యి ఒక చెక్కపెట్టెను నా వైపు తోసింది. మూత తీస్తే ముల్తానీ మట్టి, మెత్తగా జల్లించింది, ఎండిన గులాబీ రేకులూ కచ్చూరాలూ కలిపింది.

"చావూష్‌కు చెప్పు," అంది బేగం. గొంతు తగ్గించలేదు. "నేను తలకు నూనె పెట్టుకుంటే మర్నాడు ఈ మట్టితో రుద్దుకుంటాను. ఒకటి చేసి రెండోది మానేస్తే నా జడ కూడా ఎవరి చేతికీ చిక్కదు. సాహెబ్ నూనె పెట్టడం నేర్పి, మట్టి సంగతి చెప్పకుండా పోయాడు. తప్పు ఆయనది. ఎప్పుడూ అంతే, ఏ పనైనా సగం చెప్పి లేచిపోయేవాడు."

ఈ మాటలు నేను చాచాకు ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పాను, ఆయన అన్నీ విన్నా సరే. రెండోసారి నా నోట విన్నాకే ఆయన తలెత్తాడు.

"పాషా నిజంగ గట్లనే అన్నదా బేటీ?"

"అట్లనే అన్నది చాచా."

మట్టి సంగతి బాపుకు తెలియనిది కాదు. జారే తోలుకు అదే మందు. కానీ కార్ఖానాకు పోయి తేవాలనుకుంటున్నాడు. ఇప్పుడు పాషా స్నానాలగది నుంచి వచ్చిన మందు చేతిలో పట్టుకుని, "ఇంత ఖుష్బూ మట్టి నా పెండ్లిల గూడ దొరకలే," అన్నాడు. ముందు కిరసనాయిలు గుడ్డతో తోలు చుట్టూ తుడిచాడు. నేను ముందు హాండిలు కొంచెం కొంచెంగా తిప్పుతుంటే ఆయన తుడిచాడు. పొద్దు వాలేదాకా గుడ్డల మీద గుడ్డలు పచ్చగా తడిశాయి. ఆఖర్న మట్టిని దోసిట్లో పట్టి సందులోకి చల్లాడు. రాత్రంతా పీల్చుకోనిమ్మని ఇంటికి వచ్చేశాం.

శనివారం పొద్దున మేము వెళ్లేసరికే, మధ్యాహ్నం రావాల్సిన ఎద్దుబండి గేటు బయట నిలబడి ఉంది. ఇనుము కొనేవాడు సుత్తులు, సమ్మెటలు తెచ్చుకున్నాడు. "ఎంతసేపు బాబూ? నా ఎద్దులకు పొద్దుపోతుంది," అని లోపలికి తొంగి చూశాడు.

"లొల్లి చెయ్యకు. ఎద్దులను జర పక్కకు వెట్టు," అన్నాడు బాపు.

మోటారును బగ్గీఖానా నుంచి వాకిట్లోకి తెచ్చాడు. మెత్తగానే వచ్చింది, అదే నాకు నచ్చలేదు. ఏటవాలు ఎక్కడం మొదలుపెట్టింది. సగం దాకా పోయి, ఇంజను పైకి పైకి అరుస్తుంటే, బండి అక్కడే నిలబడి, మెల్లగా వెనక్కి జారింది. చావూష్ గోడ పట్టుకున్నాడు. బయట బండివాడు సమ్మెట తీసి భుజాన వేసుకున్నాడు.

బాపు దిగి, పలక లేపి, వేలు పెట్టి చూసి, నా వైపు చెయ్యి చాపాడు. పెట్టెలో మిగిలిన మట్టంతా ఇచ్చాను. ఆయన చల్లలేదు. "చాచా, నువ్వు రా," అన్నాడు. "ఈ తోలు నీ చేతికి అలవాటు."

ముసలాయన వచ్చాడు. వంగడానికి మోకాళ్లు ఒప్పుకోకపోతే మోటారు అంచు మీద బోర్లా పడుకున్నాడు. ఇటుక పెట్టి, సందు తెరిచి, చుట్టూ చల్లాడు. ఈక పుచ్చుకుని, నూనె లేని ఈక, తోలు మీద మట్టిని సమంగా సర్దాడు. బాపు హాండిలు తిప్పితే ఇంకో వైపు సర్దాడు. ఏళ్ల తరబడి చేసిన పని కదా, చూడకుండానే చెయ్యి పోతోంది.

ఈసారి బాపు కాలు తీయగానే మోటారు ఒక్క దూకు దూకింది. ఆయన తల వెనక్కి కొట్టుకుంది, టోపీ ఎగిరి వాకిట్లో పడింది. గర్రుమంటూ ఏటవాలంతా ఎక్కి, గేటు దాటి, ఎద్దుల మూతుల ముందుకు పోయి ఆగింది. ఎద్దులు రెండడుగులు వెనక్కి వేశాయి.

"ఇదేనా సచ్చిన మోటారు?" అని అరిచాడు బండివాడు. "దీని గులాబీ వాసనేంది?"

తెర వెనక నుంచి నవ్వు వినిపించింది. పెద్దావిడ నవ్వులా లేదు. ఎవరో పళ్లు టకటకా కొట్టుకున్న అమ్మాయి నవ్వులా ఉంది. అది ఎవరికీ చేరవేయలేదు.

చావూష్ చాచా ఏటవాలు మీద ఒక్కో రాయి పట్టుకుంటూ పైకి నడిచి, మోటారు ఇత్తడి దీపం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బండివాడు ఎద్దులను మలుపుకుని పోయేదాకా అక్కడి నుంచి కదల్లేదు. మరిది మాట నిలబెట్టుకున్నాడు. ధాన్యం బస్తాలు వేరే చోట వేయించుకున్నాడు.

తర్వాతి శుక్రవారం బాపు గేర్ల పెట్టె మూత బిగింపు చూసి వద్దామని నన్నూ వెంటబెట్టుకుని మళ్లీ పోయాడు. మేము పోయేసరికి జుమ్మా అయిపోయింది. చాచా మంచం మీద కూచుని ఉన్నాడు. ముందు రాగి గిన్నె, పక్కన పాషా మళ్లీ నింపి పంపిన చెక్కపెట్టె, చేతిలో ఈక. రెండింటి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. పాపం, ఏళ్ల అలవాటు. ఆ చేతికి శుక్రవారం ఏదో ఒక పని కావాలి.

"బేటీ, మంచిగొచ్చినవ్," అన్నాడు. "చెప్పు. ఈ జుమ్మాకు నూనెనా, మట్టా?"

బాపు వైపు తిరిగాను. ఆయన విననట్టు పానా చూసుకుంటున్నాడు. తెర వెనక పుస్తకం పేజీలు తిరిగే చప్పుడు ఆగిపోయింది. అందరూ నా మాట కోసమే ఎదురుచూస్తున్నారు. ఈసారి చేరవేయడానికి ఎవరి మాటా లేదు.

"రెండూ వద్దు చాచా," అన్నాను, తెర దాకా వినపడేట్టు. "తోలుకు ఇప్పుడు మంచిగుంది. ఆ ఆముదం ఇటు తే, నీ మోకాళ్లకు రాస్తా."